ఊపిరి బిగబట్టే వరి, ఉక్కిరిబిక్కిరయ్యే పత్తి

భద్రాచలం దగ్గర గోదావరి లెక్క అడుగుల్లో ఉంటుంది. 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. జూలై వచ్చిందంటే మా వైపు వాట్సాప్ గ్రూపుల్లో "గుడ్ మార్నింగ్" కన్నా ముందు ఈ అంకెలే తిరుగుతాయి. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు. 2022 జూలై 16న 71.3 అడుగులు. పెద్దవాళ్లకి మొదటిది, మన బ్యాచ్ వాళ్లకి రెండోది బాగా గుర్తు.

అడుగుల లెక్క మనుషుల కోసం. ఏ కాలనీ ఖాళీ చేయించాలి, ఏ రోడ్డు మూసేయాలి, కరకట్ట ఎంతవరకు ఆగుతుంది అన్నీ దాన్నిబట్టే తేలతాయి. చేనుకి మాత్రం లెక్క వేరు, అది రోజుల్లో ఉంటుంది. ఎన్ని రోజులు మునిగింది? అప్పటికి పైరు వయసెంత? నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా? గోదావరి తగ్గుముఖం పట్టిందని టీవీలో చెప్పాక కూడా చేలల్లో నీళ్లు కదలవు. నది నిండుగా ఉంటే కూనవరం దగ్గర శబరి, బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని, చర్ల వైపు తాలిపేరు తమ నీళ్లని అందులోకి వదల్లేక వెనక్కి పోటెత్తుతాయి. ఆ ఎగపోటు నీళ్లు పల్లపు చేలల్లో నిలబడిపోతాయి.

అప్పుడు చాలా ఊళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "వరి అయితే వారం మునిగినా మళ్లీ చిగురేసింది, పత్తి మాత్రం రెండు రోజులకే తల వాల్చేసింది." రెండూ మొక్కలే, రెంటికీ అదే నీరు. మరి ఈ తేడా ఎక్కడిది? ఈ వ్యాసం దాని గురించే. బయాలజీ ఇంటర్‌తో వదిలేశాం కదా అని పేజీ తిప్పేయకండి. సెన్సర్, సిగ్నల్, పవర్ బడ్జెట్ అనే మూడు మాటలు తెలిస్తే చాలు.

కొరత నీటిది కాదు, గాలిది

మొక్కలు ఆక్సిజన్ వదులుతాయని చిన్నప్పుడు చదువుకున్నాం. నిజమే, కానీ అది ఆకుల సంగతి, అదీ పగటిపూట. వేళ్లు మాత్రం మనలాగే రాత్రీ పగలూ ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉండాలి. మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది, వేళ్లు దాన్ని వాడుకుంటాయి. నీరు నిలిస్తే ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతాయి. నీటిలో ఆక్సిజన్ కరగదా అంటే కరుగుతుంది. కానీ అంతే పరిమాణం గాలిలో ఉండేదానిలో దాదాపు ముప్పయ్యో వంతే. దానికి తోడు, గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం సుమారు 10,000 రెట్లు తక్కువ. ఉన్నదే కొంచెం, అది కూడా వచ్చేది నత్తనడకన.

మట్టిలో ఉన్న ఆ కాస్త ఆక్సిజన్‌ని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే తినేస్తాయి. తర్వాత అవి ఆక్సిజన్‌కి బదులు వేరే పదార్థాల మీద పడతాయి, దానికో వరస ఉంది. ముందు నైట్రేట్. అంటే రైతు వేసిన నత్రజని ఎరువులో నైట్రేట్‌గా మారిన భాగం నైట్రోజన్ వాయువై గాలిలో కలిసిపోతుంది. తర్వాత మాంగనీస్, ఇనుము. నేలలో గట్టిగా, కరగకుండా ఉన్న ఇనుము కరిగే రూపంలోకి మారి, ఎక్కువైతే వేళ్లకి విషమవుతుంది. ఆ తర్వాత సల్ఫేట్. అది హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. నీళ్లు తీశాక చేలో వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన అదే. అందుకే వరద తర్వాత పైరు పసుపు రంగుకి తిరిగితే కారణం ఒకటే ఉండదు. వేరు పని చేయడం లేదు, ఎరువు గాలికి పోయింది, నేల రసాయనం మారిపోయింది, ఈ మూడూ ఒకేసారి జరిగాయి.

32 నుంచి 2కి పడిపోయిన పవర్ బడ్జెట్

కణానికి కరెంటు లాంటిది ఏటీపీ. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి 30 నుంచి 32 ఏటీపీలు వస్తాయి. ఆక్సిజన్ లేకపోతే వచ్చేవి రెండే రెండు. ఇంట్లో అన్నీ అలాగే నడుస్తుండగా కరెంటు సరఫరా పదిహేనో వంతుకి పడిపోయిందనుకోండి. అప్పుడు ఉన్నవి రెండే దారులు: వాడకం తగ్గించుకోవడం, లేదా దాచుకున్న ఇంధనాన్ని గబగబా కాల్చేయడం. మొక్కల్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. వాటి కథ కాసేపట్లో.

ఆక్సిజన్ లేకుండా ఆ రెండు ఏటీపీలనైనా తయారు చేయాలంటే ఎన్‌ఏడీ అనే సహాయక అణువు ఖాళీ అవుతూ ఉండాలి. అది నిండిపోయి కూర్చుంటే మొత్తం లైన్ ఆగిపోతుంది. దాన్ని ఖాళీ చేయడానికి కణం ముందు పైరువేట్‌ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇది మన కండరాల్లో జరిగేదే. దాంతో కణద్రవం పుల్లబడుతుంది, అంటే పీహెచ్ పడిపోతుంది. అలా పడిన పీహెచ్ వల్లే పైరువేట్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ చురుకవుతుంది. అది పైరువేట్‌ని ఎసిటాల్డిహైడ్‌గా మారిస్తే, ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ దాన్ని ఇథనాల్ చేస్తుంది. సూటిగా చెప్పాలంటే, మునిగిన వేరులో జరిగేదీ కల్లు కుండలో జరిగేదీ ఒకటే ప్రక్రియ. ఇథనాల్ బయటి నీటిలోకి జారిపోతుంది కాబట్టి కణం మరీ పుల్లబడకుండా కొంతకాలం తట్టుకుంటుంది.

ఇప్పుడు రైతులందరికీ తెలిసిన ఒక వింతకి సమాధానం దొరుకుతుంది. మోకాల్లోతు నీళ్లలో నిలబడి కూడా మిరప మొక్క ఎండకి వాడిపోతుంది, ఎందుకు? వేరు కణాల పొరలో నీరు లోపలికి రావడానికి ఆక్వాపోరిన్లు అనే చిన్న గేట్లు ఉంటాయి. కణద్రవం పుల్లబడితే ఆ గేట్లు మూసుకుపోతాయి. ఇది 2003లో పరిశోధకులు ప్రయోగంతో తేల్చిన విషయం. గేట్లు మూసుకున్నాక చుట్టూ ఎన్ని నీళ్లుంటే ఏం లాభం? పైన ఎండకి ఆకుల్లోంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది, కింద నుంచి సరఫరా ఉండదు. మొక్క నీళ్లలో నిలబడి దాహంతో చస్తుంది. అది చూసి "నీళ్లు చాల్లేదేమో" అని తడి పెట్టేవాళ్లూ ఉన్నారు. అది చచ్చినవాడి మీద బండరాయి వేయడమే.

ఆక్సిజన్ తగ్గిందని మొక్కకి ఎవరు చెబుతారు?

మొక్కకి ముక్కు లేదు, మెదడు లేదు. మరి ఆక్సిజన్ తగ్గిందని ఎలా తెలుస్తుంది? 2011లో రెండు పరిశోధక బృందాలు ఒకే సమయంలో నేచర్ పత్రికలో దీనికి సమాధానం ప్రచురించాయి. ఆ డిజైన్ చూస్తే ఎలక్ట్రానిక్స్ వాళ్లు ముచ్చటపడతారు.

మొక్క కణంలో ఈఆర్ఎఫ్-7 అనే ఒక ప్రొటీన్ల గుంపు ఉంది. వీటి పని కొన్ని జన్యువుల స్విచ్‌లు వేయడం. కణం ఈ ప్రొటీన్లని ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది. ప్రతిదాని మొదట్లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు ఒక ఎంజైమ్ ఆ ఆక్సిజన్‌ని వాడి సిస్టీన్‌ని ఆక్సీకరిస్తుంది. ఆక్సీకరణ జరిగిన ప్రొటీన్‌కి "చెత్తబుట్టకి పంపు" అనే ముద్ర పడుతుంది. కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. అంటే గాలి బాగా ఆడుతున్నప్పుడు స్విచ్ వేసేవాడు పుట్టినవాడు పుట్టినట్టే పోతుంటాడు. ఆక్సిజన్ తగ్గితే ముద్ర వేయడానికి సరుకు ఉండదు. ప్రొటీన్ బతికిపోతుంది, కేంద్రకంలోకి వెళ్తుంది, ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ లాంటి అత్యవసర జన్యువుల స్విచ్‌లు వేసేస్తుంది.

ఆపద వచ్చాక సైనికుణ్ణి పుట్టించి, పెంచి, పంపే సమయం ఉండదు కాబట్టి ముందే తయారు చేసి పెట్టుకోవడం అన్నమాట. దానికి రోజూ కొంత ప్రొటీన్ దండగ అవుతుంది. కానీ స్పందన నిమిషాలు గంటల్లో వచ్చేస్తుంది. మన శరీరంలో కూడా ఆక్సిజన్‌ని గుర్తించే పద్ధతి ఇదే ధోరణిలో ఉంటుంది. దాన్ని కనిపెట్టినందుకే 2019లో వైద్యంలో నోబెల్ ఇచ్చారు. జంతువులూ మొక్కలూ వేర్వేరు ప్రొటీన్లతో ఒకే ఉపాయానికి చేరుకున్నాయి.

పండు మాగబెట్టే వాయువే, ప్రమాద ఘంట

రెండో సంకేతం ఇథిలీన్. మామిడికాయల్ని మాగబెట్టేది ఇదే వాయువు. ప్రతి మొక్కా మెథియోనైన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఏసీసీ అనే పదార్థాన్ని, దాన్నుంచి ఇథిలీన్‌ని తయారు చేస్తూ ఉంటుంది. మామూలప్పుడు అది గాలిలోకి పోతుంది. మొక్క మునిగితే చుట్టూ ఉన్న నీరు దాన్ని బయటికి పోనివ్వదు. కొద్ది గంటల్లోనే లోపల పేరుకుపోతుంది. "నువ్వు మునిగావు" అని మొక్కకి ముందుగా చెప్పేది ఇదే.

పత్తిలో, మిరపలో, టమాటాలో కథ కాస్త మలుపు తిరుగుతుంది. అక్కడ సాధారణంగా మొక్క మొత్తం మునగదు, వేళ్లు మాత్రమే మునుగుతాయి. ఏసీసీని ఇథిలీన్‌గా మార్చే ఆఖరి మెట్టుకి ఆక్సిజన్ కావాలి, మునిగిన వేరులో అది లేదు. అందుకని ఏసీసీ వేరులో పోగుపడి, నీటి గొట్టాల వెంట పైకి ఎక్కుతుంది. పైన ఆకుల్లో ఆక్సిజన్‌కి కొదవ లేదు. అక్కడ ఒక్కసారిగా ఇథిలీన్ అయిపోతుంది. ఆకు కాడలు కిందికి వంగుతాయి, ఆకులు పసుపెక్కుతాయి, పత్తిలో గూడ, పూత, చిన్న కాయలు రాలతాయి. టమాటా మీద 1980లో చేసిన ప్రయోగాల్లో ఈ ప్రయాణం స్పష్టంగా కనబడింది. దెబ్బ తగిలింది కిందనైతే ఏడుపు పైన వినబడుతుంది.

ఖమ్మం నల్లరేగడిలో పత్తి వేసేవాళ్లకి తెలిసిన ఇంకో సంగతి ఉంది. కొన్నాళ్లు వాన లేక బెట్టకొట్టిన చేను మీద ఒక్కసారిగా పెద్ద వాన పడి, మర్నాడు ఎండ కాస్తే, కాయలతో నిండుగా ఉన్న మొక్కలు అక్కడక్కడా ఉన్నట్టుండి వడలిపోతాయి. పీకి చూస్తే వేరు కుళ్లి ఉండదు, పురుగు ఉండదు. దీన్ని పారావిల్ట్ అంటారు. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ దీనికి సూచించే మందు కోబాల్ట్ క్లోరైడ్, 10 పీపీఎం, అంటే 100 లీటర్ల నీటికి ఒక్క గ్రాము. అదెందుకు పనిచేస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు: ఏసీసీని ఇథిలీన్‌గా మార్చే ఎంజైమ్‌ని కోబాల్ట్ అడ్డుకుంటుంది. కానీ వాడటం మొదలైన కొద్ది గంటల్లోపే కొట్టాలి. ఆ తర్వాత ఆకులకి అందాల్సిన సంకేతం అందిపోయి ఉంటుంది.

వరి ఎందుకు వేరు?

వరి నీటి మొక్క కాదు, నీటికి అలవాటు పడిన మొక్క. దానికి కొన్ని ఏర్పాట్లున్నాయి. మొదటిది, వేరు లోపల గాలి గొట్టాలు. కొన్ని కణాలు తమంతట తాము చనిపోయి ఖాళీ దారులు వదులుతాయి, వాటి గుండా ఆకుల్లోంచి ఆక్సిజన్ వేరు చివరి దాకా దిగుతుంది. మొక్కజొన్నలో కూడా ఇథిలీన్ వల్ల ఇవి ఏర్పడతాయి, కానీ నీరు నిలిచాక. వరిలో ముందునుంచే కొన్ని ఉంటాయి. రెండోది, వేరు బయటి పొరకి మైనం లాంటి పూత. దారిలో ఆక్సిజన్ లీకవకుండా అది కాపాడుతుంది. మూడోది మనం రోజూ చూసేదే. వరి ఆకు మీద వాన చినుకు నిలవదు, ముత్యంలా దొర్లిపోతుంది. అలాంటి ఆకు మునిగినా దాని మీద పల్చటి గాలి పొర అంటుకుని ఉంటుంది. నీటి లోపల ఆకు ఊపిరి తీసుకోవడానికి, వెలుగుంటే ఆహారం తయారు చేసుకోవడానికి ఆ పొరే ఆధారం. కొన్ని రోజులకి అది చెదిరిపోతుంది.

గోదావరి వరద నీరు ఎర్రగా, ఒండ్రుతో చిక్కగా ఉంటుంది. వెలుగు లోపలికి దిగదు. ఆకు మీద బురద పేరుతుంది. అందుకే చెరువు నీటిలో పది రోజులు తట్టుకునే పైరు గోదావరి నీటిలో అంతకన్నా తక్కువ రోజులకే చేతులెత్తేయొచ్చు. మునక రోజులు లెక్కపెట్టేటప్పుడు నీటి రంగు కూడా రాసుకోవాలి.

ఎదిగి తప్పించుకోవాలా, ఆగి బతకాలా?

వరి మొత్తంగా మునిగితే ఇథిలీన్ పేరుకుని, జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్ జోరు పెంచుతుంది. మొక్క సాగడం మొదలుపెడుతుంది. నీటి మట్టం దాటి తల బయటపెట్టాలని దాని ఆరాటం. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ లోతు నీటి వరి రకాలు రోజుకి 20, 25 సెంటీమీటర్లు కూడా పెరగగలవు. 2009లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి కారణమైన జన్యువుల్ని కనిపెట్టి వాటికి స్నార్కెల్-1, స్నార్కెల్-2 అని పేరు పెట్టారు. నెలల తరబడి నీళ్లుండే చోట ఇది మంచి ఎత్తుగడే.

మన దగ్గర వరద అలాంటిది కాదు. వారం, పది రోజులు ఉండి పోతుంది. ఈలోగా మామూలు వరి సాగడానికే తన పిండి పదార్థమంతా ఖర్చు చేసేస్తుంది. నీరు తీశాక అది సన్నగా, పాలిపోయి, నిలబడలేక నేల మీద పడిపోతుంది. వరద చంపలేదు, పరుగు చంపింది.

ఒడిశాలో నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఏ అనే వరి ఉంది. ఇది రెండు వారాలు పూర్తిగా మునిగినా బతుకుతుంది. రహస్యమేంటంటే అది పెరగదు, ఆగిపోతుంది. 1996లో ఈ గుణం తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒక చోట ఉందని తేలింది. ఆ చోటుకి సబ్-1 అని పేరు. 2006లో డేవిడ్ మెకిల్, పమేలా రొనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ బృందాలు కలిసి అసలు జన్యువుని పట్టుకున్నాయి. అదే సబ్1ఏ. విచిత్రం చూడండి: ఇది కూడా ఇందాక చెప్పుకున్న ఈఆర్ఎఫ్-7 కుటుంబానిదే. స్నార్కెల్‌లు కూడా దగ్గరి చుట్టాలే. అదే ఇథిలీన్ గంట మోగితే ఒకరు "పరిగెత్తు" అంటారు, ఒకరు "కదలకు" అంటారు.

సబ్1ఏ చేసే పని ఇది. ఇథిలీన్ వల్ల అది చురుకవుతుంది, చురుకయ్యాక జిబ్బరెల్లిన్ మాటకి అడ్డుపడే ప్రొటీన్లని పెంచుతుంది. సాగడం ఆగుతుంది, పిండి మిగులుతుంది, ఆకుపచ్చదనం త్వరగా పోదు. ల్యాప్‌టాప్ స్లీప్ మోడ్‌లోకి వెళ్లినట్టు. బ్యాటరీ మిగిలి ఉంది కాబట్టి నీరు తీశాక మళ్లీ చిగురు వేయగలదు.

మార్టేరు స్వర్ణ, ఒడిశా జన్యువు

ఇక్కడ కథ మన తెలుగు నేలకి వస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో ఎంటీయూ 7029 విడుదలైంది. అందరికీ తెలిసిన పేరు స్వర్ణ. వశిష్ఠ, మసూరి రకాల సంకరం. గోదావరి డెల్టాలో పుట్టి ఒడిశా, బెంగాల్, బీహార్, బంగ్లాదేశ్ దాకా పాకింది. తక్కువ ఎరువుతో మంచి దిగుబడి ఇస్తుంది. లోపం ఒక్కటే, మునిగితే తట్టుకోదు.

ఎఫ్ఆర్13ఏ ముంపుని తట్టుకుంటుంది కానీ దిగుబడి తక్కువ. రెండిటినీ కలిపితే? మామూలు సంకరంలో మంచితో పాటు చెడు కూడా సగం వస్తుంది. అందుకని ఆ గుణం ఉన్న రకంతో స్వర్ణని సంకరం చేసి, పుట్టిన పిల్లల్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలిపారు. ప్రతి తరంలో మొక్కల డీఎన్‌ఏ మార్కర్లతో పరీక్షించి, సబ్-1 ముక్క ఉండి మిగతాదంతా స్వర్ణలా ఉన్న వాటినే ఏరారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిగిన ఈ పని మీద 2007లో వచ్చిన పరిశోధనా పత్రానికి మొదటి రచయిత సి.ఎన్. నీరజ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త. ఇది జన్యుమార్పిడి పంట కాదని గమనించాలి. వరి జన్యువే వరిలోకి, పుప్పొడి ద్వారానే వెళ్లింది. ప్రయోగశాల చేసింది ఏరివేత మాత్రమే.

2009లో మన దేశంలో స్వర్ణ-సబ్1 విడుదలైంది. చూడ్డానికి స్వర్ణలాగే ఉంటుంది. ఒక్క తేడా, స్వర్ణకి ఆ పేరు తెచ్చిన బంగారు రంగు పొట్టు దీనికి రాలేదు, గడ్డి రంగు వచ్చింది. సబ్-1 ముక్క పక్కనే ఉన్న మరో జన్యువు వెంట వచ్చేయడం వల్ల అలా అయింది. ఒడిశా పొలాల్లో చేసిన అధ్యయనం 2013లో ప్రచురితమైంది. పది రోజులు మునిగిన పొలాల్లో స్వర్ణ కన్నా స్వర్ణ-సబ్1 దిగుబడి సుమారు 45 శాతం ఎక్కువ వచ్చింది. అదే అధ్యయనం ఇంకో మాట చెప్పింది, నాకు ముఖ్యమనిపించింది అదే. పల్లపు, ముంపు భూములు ఎక్కువగా దళిత రైతుల చేతుల్లో ఉన్నాయి, కాబట్టి ఈ విత్తనం లాభం వాళ్లకే ఎక్కువ అందే అవకాశం ఉంది. ఊరికి ఎత్తున ఉన్న భూమి ఎవరిది, వాగు ఒడ్డున ఉన్నది ఎవరిది అనేది మన ఊళ్లకి కూడా కొత్త ప్రశ్న కాదు. వాగు ఒడ్డున పోడు, కౌలు చేసుకునే కోయ కుటుంబానికి ఒక జన్యువు విలువ ఎంతో, ఎత్తు మీద ఉన్న ఆసామికి అంత ఉండదు.

ఈ జన్యువు చేయలేనివి

సబ్1ఏ సర్వరోగ నివారిణి కాదు. నాటిన తర్వాత, పిలకల దశలో, సుమారు రెండు వారాల దాకా పూర్తి మునకని తట్టుకునేలా చేస్తుంది. పూత దశలో మునిగితే లాభం లేదు. మొలకెత్తే దశలో మునిగితే దాని పని వేరే జన్యువులు చూసుకోవాలి. వెదజల్లే పద్ధతి సాగుకి ఇది ముఖ్యం. నెలల తరబడి సగం లోతు నీళ్లు నిలిచే చోట ఎదగకుండా ఆగిపోవడం ఎత్తుగడ కానే కాదు.

వరద పోయాక ఇంకో గండం ఉంది. పది రోజులు చీకట్లో, ఆక్సిజన్ లేకుండా ఉన్న ఆకు ఒక్కసారిగా ఎండలోకి, గాలిలోకి వస్తుంది. తిరిగొచ్చిన ఆక్సిజన్‌తో కణాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. మిగిలిన ఇథనాల్ మళ్లీ ఎసిటాల్డిహైడ్ అవుతుంది, అది విషం. వేరు ఇంకా కోలుకోలేదు కాబట్టి నీరు అందక ఆకు ఎండుతుంది. "నీళ్లున్నప్పుడు పచ్చగానే ఉంది, తీశాకే పోయింది" అని రైతు అనేది అక్షరాలా నిజం. సబ్1ఏ ఉన్న వరి ఈ ఎండుదెబ్బని కూడా కొంత మెరుగ్గా తట్టుకుంటుందని 2011లో తేలింది.

ఈ రసాయనం తెలిస్తే పొలం పనుల వెనక కారణం కూడా తెలుస్తుంది. వరద ముందు యూరియా దట్టంగా వేస్తే నారు ఏపుగా పెరుగుతుంది కానీ పిండి నిల్వ తక్కువ ఉంటుంది, మునిగితే ముందు పోయేది అదే. కాస్త ముదురు నారుకి నిల్వ ఎక్కువ. నీళ్లలో యూరియా చల్లితే నీటితోనే పోతుంది; నీరు తీసి కొత్త ఆకు కనబడ్డాక వేస్తే మొక్కకి అందుతుంది. పత్తిలో ముందు కాలువలు తీసి నీరు పంపేయాలి, వేరుకి గాలి అందాలి. వేరు కోలుకునే లోపు రెండు శాతం యూరియా లాంటిది ఆకుల మీద పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే, వేరు దారి మూసుకుపోయింది కాబట్టి ఆకు దారిన తినిపించడం. మిరపని బోదెల మీద నాటడం కూడా వేరుకి ఓ జానెడు గాలి మిగల్చడానికే.

కానీ పత్తికి, మిరపకి సబ్1ఏ లాంటి ఒక్క జన్యువు విత్తనం లేదు. ఖమ్మం జిల్లా ఖరీఫ్‌లో పత్తి ఎంత ఉంటుందో బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మం పట్టణాన్ని ముంచినప్పుడు మనం ఇళ్లు చూశాం, కార్లు చూశాం. అప్పటికి ఊళ్లలో పత్తి గూడ, పూత మీద ఉంటుంది. ఆ పైరుకి కాపాడే జన్యువు లేనప్పుడు కాపాడాల్సింది కాలువ, వాలు, గట్టు, ముందస్తు కబురు. అంటే సివిల్ వాళ్ల పని, ఎలక్ట్రానిక్స్ వాళ్ల పని, కోడ్ రాసేవాళ్ల పని.

అందుకే ఫ్రెండ్స్, ఒక చిన్న ప్రతిపాదన. గోదావరి మట్టం గంట గంటకీ అడుగుల్లో మనకి అందుతోంది. దాన్ని ఏ ఊళ్లో ఏ పొలం ఎన్ని రోజులు మునుగుతుంది అనే లెక్కలోకి మార్చగలిగితే, జూన్‌లోనే రైతు నిర్ణయం తీసుకోగలడు: ఈ చెక్కలో ముంపు తట్టుకునే వరి వేయాలా, ఆ చెక్కలో పత్తి మానేయాలా, నారు ఎక్కడ పోసుకోవాలి అని. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊళ్లో నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకు రండి. పోయిన వరదకి ఏ చేలో నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయి? అప్పుడు పైరు వయసెంత? నీళ్లు ఎర్రగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా? నీరు తీశాక ఎన్నాళ్లకి కొత్త ఆకు వచ్చింది, లేదా రాలేదు? ఒక్కో ఊరి నుంచి ఒక్కో కాగితం వచ్చినా మ్యాప్ మొదలుపెట్టడానికి సరిపోతుంది. మిగతా లెక్క మనం క్లాసులో నేర్చుకున్నదే.